బిద్రీకి పేరు పెట్టిన బసమ్మ

అనగనగా ఒక ఊళ్ళో, గోలకొండకు ఆవల, శంభులింగం అని ఒక పనివాడు ఉండేవాడు. ఊరి పేరు అడక్కురా బుజ్జిగా, అడిగితే కథ ఇక్కడితో ఆపేస్తాను.

ఆయన తెల్లటి లోహంతో బుడ్లూ పెట్టెలూ పోతపోసేవాడు. వాటి మీద తీగలూ పూలూ చెక్కేవాడు. ఆ తర్వాత చెక్కిన గాడిలో వెండితీగ పెట్టి, చిన్న సుత్తితో టిక్కు టిక్కుమని కొట్టి పొదిగేవాడు. పని మహా గొప్పది. చిక్కల్లా ఒకటే. బుడ్డీ తెలుపే, వెండీ తెలుపే. పూలెక్కడున్నాయో చేత్తో తడుముకోవాలి!

"మట్టి పట్టిస్తే బుడ్డి నల్లబడుతుంది, వెండి మాత్రం మెరుస్తుంది" అని వాళ్ళ తాత చెప్పాడు. ఏ మట్టో చెప్పకుండానే పోయాడు. తాతలంతేలే.

అప్పుడు ఆ ఊరి దొరసాని కబురు పెట్టింది. "మా పిల్ల పెళ్ళికి పన్నీరుబుడ్డి కావాలి. దాని మీద పూలు నాకు గుమ్మంలోంచే కనబడాలి. లేదా, నీ సుత్తి అటకెక్కించి రాళ్ళు కొట్టుకో" అంది.

శంభులింగం పుట్టమన్ను తెచ్చాడు. ఆయన భార్య బసమ్మ బీదరు పిల్ల. అప్పుడు కడుపుతో ఉంది. కడుపుతో ఉంటే కొందరికి మట్టి మీదికి మనసు పోతుంది, మీ అమ్మనడుగు. బసమ్మ చిటికెడు నోట్లో వేసుకుని, "తూ, చప్పగా ఉంది. ఇది పనికిరాదు" అంది.

"పులుసులో ఉప్పు చూస్తున్నావా ఏంటి?" అని నవ్వాడు శంభులింగం. ఆ మట్టిలో నవాసాగరం అనే ఘాటు ఉప్పు కలిపి, వేడి బుడ్డికి పట్టించాడు. ఊహూఁ, నల్లబడలేదు.

ఆ తర్వాత రేగడి తెచ్చాడు. "తూ, ఒట్టి జిగురు" అంది బసమ్మ. బుడ్డి బూడిదరంగుకొచ్చి ఊరుకుంది.

ఆ తర్వాత ఏటి ఒండ్రు తెచ్చాడు. బసమ్మ వాసన చూసే మొహం తిప్పుకుంది. బుడ్డీ అలాగే తెల్లమొహం వేసింది.

మర్నాడే పెళ్ళి. శంభులింగం సుత్తిని గుడ్డలో చుట్టేశాడు.

అది చూసి బసమ్మ లోపలికెళ్ళింది. బియ్యం కుండ అడుగునుంచి ఒక మూట తీసింది. బీదరు కోటలో, ఎండా వానా తగలని పాతగోడల మట్టి. వాళ్ళమ్మ పంపింది. అత్తగారి కళ్ళబడకుండా రోజూ కాస్త కాస్త తినేది. ఇక పిడికెడే మిగిలింది.

"ఇది వేసి చూడు. ఇంత కమ్మటి మట్టి ఇంకెక్కడా లేదు" అంది.

"ఇంట్లోనే పెట్టుకుని తింటున్నావా!"

"మెల్లగా! అత్తమ్మ వింటది."

అప్పుడు అది పట్టించి కడిగాడు. బుడ్డి కాటుకలా నల్లబడింది! వెండిపూలు దాని మీద మల్లెల్లా విచ్చుకున్నాయి.

మర్నాడు ఇద్దరూ బుడ్డి పట్టుకెళితే, దొరసాని గుమ్మంలోంచే చూసింది. "అబ్బ! ఈ పనినేమంటారు?" అంది.

శంభులింగం పొంగిపోయి, "బస..." అన్నాడో లేదో, బసమ్మ గట్టిగా గిల్లింది. "నా పేరు పెడితే మట్టి తిన్న సంగతి కూడా బయటపడతది" అని గుసగుసలాడి, పైకి మాత్రం, "మా బీదరు మట్టి మహిమ దొరసానీ. బిద్రీ అనండి" అంది.

అంతే, బిద్రీ అయి కూర్చుంది. ఆ పనివాళ్ళు ఇప్పటికీ మట్టిని నాలుక మీద వేసి చూసుకుంటారు. నువ్వు మాత్రం తిన్నావో, వీపు విమానం మోతే!

కథేమో కంచికెళ్ళె,
మనమేమో ఇంటికొస్తిమి,
దుప్పటేమో ముక్కుదాకొచ్చె,
బుజ్జిగాడికి ఆవలింతొచ్చె.