కళ్ళ కోసం ఆగిన కాలు

ఒకప్పుడు పరుగులో ఊసరవెల్లిని మించినవాళ్ళు అడవిలో లేరు. ఇప్పుడు దాని నడక చూసి నవ్వేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. దాని రంగుల గురించి అందరూ అడుగుతారు గానీ నడక గురించి ఎవరూ అడగరు.

ఆ ఊసరవెల్లి పేరు వెల్లెమ్మ. ఆమె కళ్ళు రెండూ చెరో దారి. కుడికన్ను కొండను చూస్తుంటే ఎడమకన్ను చీమను చూసేది. ఆ రెండింటి మధ్య కాళ్ళు పరుగెత్తుతూ ఉండేవి.

"ఒక్కో పనికి ఒక్కో కన్ను. మీలాగా ఒకదాన్నే పట్టుకుని కూర్చుంటే తెల్లారినట్టే!" అని పక్క పొదలోని తొండతో గొప్పలు పోయేది.

"అవునవును. నిన్న అలా పరుగెత్తే కదా వదినా, ముళ్ళకంపలో పడ్డావు!" అనేది తొండ. వాళ్ళు వదినా మరదళ్ళు. ఎత్తిపొడుపు లేకుండా ఇద్దరికీ మాట సాగదు.

ఎండాకాలం చివర్లో వెల్లెమ్మ ఎండిన వాగులోకి దిగి, గుంట తవ్వి గుడ్లు పెట్టింది. పైన మట్టి కప్పి, జాడ తెలియకుండా ఎండుటాకులు పరిచింది. ఊసరవెల్లుల పద్ధతే అంత. గుంట ఎక్కడుందో తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

ఆ పని చేస్తున్నంతసేపూ కుడికన్ను గుంట మీద ఉంది. ఎడమకన్ను మాత్రం ఒక పచ్చని మిడత మీద ఉంది.

కొన్నాళ్ళకు కొండ మీదికి నల్లమబ్బు వచ్చింది. "వాగులో ఎవరైనా ఉంటే పైకి వెళ్ళిపోండి. నేను దిగుతున్నా!" అంది.

వెల్లెమ్మ మబ్బు వైపు తలెత్తి అరిచింది. "కాస్త ఆగు తల్లీ! నా గుడ్లు అందులోనే ఉన్నాయి."

"ఎక్కువసేపు ఆగలేనమ్మా, మోయలేనంత నీళ్ళున్నాయి. త్వరగా తీసుకుపో."

వెల్లెమ్మ వాగులోకి దూకింది. గుంట ఎక్కడ? కుడికన్నుకు ఒక తెల్లరాయి గుర్తుంది. వాగు నిండా తెల్లరాళ్ళే! ఎడమకన్నుకు మిడత గుర్తుంది, రెక్క మీది చుక్కతో సహా. అది కూర్చున్న తంగేడు కొమ్మ కూడా గుర్తుంది. వాగు పొడవునా తంగేళ్ళే!

కుడికన్ను రాయి వైపు లాగింది, ఎడమకన్ను పొద వైపు లాగింది. ముందుకాళ్ళు ఇటు, వెనకకాళ్ళు అటు పోయి దభీమని పడింది. లేచి ఒకచోట తవ్వింది. ఏమీ లేదు. కాసేపటికి తవ్విన చోటే మళ్ళీ తవ్వింది.

"నా పిల్లల్ని నేనే పోగొట్టుకున్నాను" అని బావురుమంది.

తొండ నోటికి ఎత్తిపొడుపు రాలేదు. గట్టు దిగి వచ్చింది.

"ఏడవకు వదినా. ముందు పరుగు ఆపు. కాలు ఎత్తి గాల్లోనే ఉంచు. కళ్ళు రెండూ ఒకచోటికి వచ్చేదాకా కింద పెట్టకు."

"మబ్బు ఆగదే!"

"నువ్వు ఆగు."

వెల్లెమ్మ కాలెత్తింది. ఎడమకన్ను ఒక ఈగ వైపు జారింది. వెనక్కి లాక్కుంది. ఎత్తిన కాలుతో ఒళ్ళంతా ముందుకూ వెనక్కూ ఊగింది. చివరికి రెండు కళ్ళూ ఒకచోట నిలిచాయి. అప్పుడు కాలు పెట్టి, ఇంకో కాలు ఎత్తింది.

అలా వెళ్తుంటే ఒకచోట తెల్లరాయీ, దాని మీదికి వంగిన తంగేడు కొమ్మా కలిసి కనబడ్డాయి.

"ఇక్కడేనే మరదలా!"

తవ్వితే గుడ్లన్నీ భద్రంగా ఉన్నాయి. తొండ గట్టు మీద కొత్త గుంట తవ్వింది. వెల్లెమ్మ ఒక్కొక్క గుడ్డే నోట కరుచుకుని పైకి చేర్చసాగింది. ఆఖరి గుడ్డు తీసేసరికి వాన మొదలైంది. పైనుంచి వాగు హోరు వినబడింది.

"పరుగెత్తు వదినా!" అని ఈసారి తొండే అరిచింది.

పరుగెత్తితే కళ్ళు చెదురుతాయి, గుడ్డు జారుతుంది. వెల్లెమ్మ పరుగెత్తలేదు. కాలెత్తి, ఊగి, రెండు కళ్ళతో చూసుకుని పెట్టింది. ఆఖరి కాలు గట్టు మీద మోపేసరికి నీళ్ళు వచ్చి తోకను తడిపాయి.

వాన వెలిసింది. తొండ ఊపిరి పీల్చుకుని, "గండం గడిచిందిగా, ఇక పరుగెత్తవచ్చుగా?" అంది.

"వద్దే. పరుగెత్తితే వీళ్ళెక్కడున్నారో మళ్ళీ మరిచిపోతాను" అంది వెల్లెమ్మ, రెండు కళ్ళూ గుంట మీదే ఉంచి.

అప్పటినుంచే ఊసరవెల్లి ఎత్తిన కాలు గాల్లో ఆపి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఊరికే ఉన్నప్పుడు దాని కళ్ళు చెరోవైపు తిరుగుతూనే ఉంటాయి. పని పడిందంటే మాత్రం రెండూ ఒకచోటికి రావాల్సిందే. అవి వచ్చేదాకా ఇవాళ్టికీ ఆ కాలు కింద పడదు.