డేగ బండికి మొదటి లోడు

ఏ కంపెనీ బండి మంచిదని అడిగితే నబిరసూల్ ఉస్తాద్ జవాబు చెప్పడు. బేతంచెర్లలో డోన్ రోడ్డు పక్కన ఆయన మెకానిక్ షెడ్డు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడగని డ్రైవరు ఆ ఊళ్లో లేడు, జవాబు విన్న డ్రైవరూ లేడు. అడిగినవాడి బండి చుట్టూ ఉస్తాద్ ఒకసారి తిరిగి వస్తాడు. చేతులు గుడ్డకు తుడుచుకుంటాడు. టీ తెప్పిస్తాడు. అంతటితో సరి.

ఆయన దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్న మద్దిలేటికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. అందుకే ఆ గురువారం పొద్దున ప్రశ్నను కాస్త తిప్పి అడిగాడు.

"పన్నెండేండ్లు అన్నం పెట్టిన కంపెనీని ఇడ్సిపెట్టొచ్చునా ఉస్తాద్?"

ఉస్తాద్ అతని ముఖం వైపు చూశాడు. తర్వాత అలవాటు ప్రకారం లేచి బండి చుట్టూ తిరగడానికి వెళ్లాడు.

బేతంచెర్ల పాలిష్ బండల ఊరు. చుట్టుపక్కల గనుల్లో తీసిన రాయిని అక్కడి ఫ్యాక్టరీల్లో కోసి, నునుపు చేసి, పికప్ బండ్లకెక్కించి కొత్త ఇళ్లు లేచే ఊళ్లకు పంపుతారు. మద్దిలేటి మెకానిక్ పని నేర్చుకుని, రెండేళ్లు ఒకరి దగ్గర డ్రైవరుగా చేసి, ఆ తర్వాత సొంతంగా ఒక డీజిల్ పికప్ కొనుక్కున్నాడు. కంపెనీ పేర్లు ఇక్కడ అక్కర్లేదు, ఆ ఊళ్లో కూడా ఎవరూ వాటిని పేర్లతో పిలవరు. ముందు భాగంలో ఎద్దు తల బొమ్మ ఉన్నది ఎద్దుతల బండి, రెక్కలు చాచిన పక్షి ఉన్నది డేగ బండి. డ్రైవర్లు కూడా అలాగే రెండు జట్లు. టీ బంకు దగ్గర ఎద్దుతల వాళ్లు డేగను నాలుగు చినుకులు పడితే తుమ్మే బండి అంటారు. డేగ వాళ్లేమో, బండితో పాటు పగ్గాలు కూడా కంపెనీవాళ్లే ఇచ్చినారా అని అడుగుతారు. పన్నెండేళ్లుగా ఎద్దుతల తరఫున గట్టిగా మాట్లాడిన నోరు మద్దిలేటిది. ఆ నోటితోనే ఇప్పుడీ ప్రశ్న అడగవలసి వచ్చింది.

కారణం బండి అడుగున ఉంది. ట్రాలీ కింద, ఎడమ వైపు ఛాసిస్ మూడోసారి పగిలింది. రెండుసార్లు ఉస్తాదే వెల్డింగ్ చేశాడు. మూడోసారి చేయనన్నాడు. బరువును మోసే కమాన్ పట్టీలు కూడా ఎడమ వైపువి మూడు జతలు మారాయి. సరిగ్గా ఇదే సమయంలో ఒక ఫ్యాక్టరీ యజమాని మద్దిలేటిని పిలిపించాడు. అనంతపురం దగ్గర కాలనీ ఒకటి కడుతున్నారు, ఒకటో తేదీ నుంచి రోజుకో లోడు, ఏడాది పని. షరతు ఒక్కటే: బండి దారిలో నిలబడకూడదు. నిలబడిన రోజే పని ఇంకొకరికి పోతుంది. మద్దిలేటి శక్తికి ఈసారి ఒక్క బండే. ఎంపికలో పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి ఇంకో బండి ఉండదు. మళ్లీ ఒకరి బండికి డ్రైవరుగా పోవాలి. ఆ రెండేళ్లలో యజమాని ఈల వేస్తే అన్నం ముద్ద పళ్లెంలో వదిలి పరుగెత్తిన రోజులు అతనికి గుర్తున్నాయి. అక్కడికి తిరిగి పోకూడదని గట్టిగా అనుకున్నాడు.

ఆ పొద్దున కర్నూలు షోరూం మనిషి నడిపి చూడటానికి డేగ బండి తెచ్చాడు. మద్దిలేటి దాన్ని రైల్వే గేటు దాకా నడిపి, తిప్పుకుని వచ్చి దిగాడు. నొసలు ముడిపడి ఉన్నా ముఖంలో ఏదో తేలిక కనిపించింది. పాత కంపెనీని వదలక్కర్లేదనడానికి అతనికి ఆధారం దొరికింది.

"కుడికి లాగుతాంది ఉస్తాద్. కొత్తదే ఇట్ల లాగితే రేపు లోడేస్తే యాడికి పోతాదో."

షోరూం మనిషి కంగారుపడి, అలైన్‌మెంటు నిన్ననే చూపించామని చెప్పుకొచ్చాడు. ఉస్తాద్ ఆ మాట విన్నట్టు లేదు. డేగ బండి ఎక్కి ఎడమ సీట్లో కూర్చున్నాడు. పశువుల సంత జరిగే మైదానానికి పోనిమ్మని మద్దిలేటికి చెప్పాడు. సంత రోజు కాదు, మైదానం ఖాళీగా, చదునుగా ఉంది. ఈ చివర నుంచి బండి కదిలించి, రెండో గేరులో పెట్టి, రెండు చేతులూ స్టీరింగ్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకోమన్నాడు.

మద్దిలేటి తీశాడు. బండి ఎటూ తప్పుకోకుండా మైదానం ఆ చివరి గోడ వైపు తిన్నగా పోయింది. గోడ దగ్గరపడ్డాక బ్రేకు తొక్కి, చేతుల వైపు చూసుకున్నాడు.

తర్వాత అతని పాత బండిని తెప్పించి అదే చోటు నుంచి అదే పని చేయించాడు ఉస్తాద్. ఎద్దుతల బండి యాభై అడుగులు కూడా తిన్నగా పోలేదు. మెల్లగా ఎడమకు తిరగడం మొదలుపెట్టి, వంపు తీసుకుని, మైదానం పక్కన ముళ్లకంపలో ముక్కు పెట్టబోతే మద్దిలేటి ఆపాడు. ఆపి, తనకు తెలియకుండానే ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకున్నాడు.

ఆ భుజం నాలుగేళ్లుగా నొప్పి. రోజూ ఇంటికి పోగానే భార్య ఓబుళమ్మ దానికి మందు రుద్దుతుంది. బండలెత్తడం వల్ల వచ్చిందని ఇద్దరూ అనుకున్నారు. డ్రైవరుకు ఎడమ చెయ్యి గేరు మీదికి పోయి వస్తుంటుంది, కుడి చెయ్యి మాత్రం స్టీరింగ్ వదలదు. ఎడమకు పోయే బండిని ఆ చెయ్యి ఇన్నేళ్లూ కుడికి లాగి పట్టుకుంటోంది. ఎవరడిగినా మద్దిలేటి తన బండి దారం పట్టినట్టు పోతుందనే చెప్పేవాడు. అది అబద్ధమని అతనికి తెలియదు. లాగడం అలవాటైన చెయ్యి డేగ స్టీరింగ్ మీద కూడా లాగింది. తప్పు డేగ మీద పడింది.

ఇది అర్థమైన క్షణంలో మద్దిలేటికి కోపం వచ్చింది. ఆ కోపం నేరుగా ఎద్దుతల కంపెనీ మీదికి పోయింది. ఎడమ కమాన్లు మెత్తవని, ఎడమ ఛాసిస్ బలహీనమని, పన్నెండేళ్లు తననూ తన భుజాన్నీ మోసం చేశారని వరసగా అన్నాడు. ఇక ఆలోచించేదేమీ లేదన్నాడు.

"తీరిపోయింది ఉస్తాద్. డేగనే."

షోరూం మనిషి సంచిలోంచి కాగితాలు తీశాడు. వాటి మీద ఉస్తాద్ అరచెయ్యి అడ్డం పెట్టి, ముందు ఒక లోడు వేసి చూడమన్నాడు.

డేగ బండిని ఆ యజమాని ఫ్యాక్టరీకి తోలుకుపోయారు. సుంకన్న అనే హమాలీ మేస్త్రి, అతని ముగ్గురు మనుషులు ఎక్కించే పనికి దిగారు. ఆ ఊళ్లో బండలను పడుకోబెట్టి వేయరు, పగులుతాయి. అంచు మీద నిలబెట్టి, ట్రాలీ ఎడమ గోడకు ఆనించి, ఒకదాని వెనక ఒకటి వరసగా పేరుస్తారు. రాయికి బరువెక్కువ, అది పట్టే చోటు తక్కువ. బండి మోయగలిగినంత ఎక్కించినా ట్రాలీలో ఎడమ సగం నిండితే గొప్ప. కుడి సగంలో తాళ్లు, గోనెలు, దించడానికి పోయే హమాలీలు. ఎడమకే ఎందుకంటే, ఇల్లు కట్టే చోట బండిని రోడ్డుకు ఎడమ వారగా ఆపుతారు, ఎడమ వైపునే దించుతారు. హమాలీలకు నాలుగు అడుగులు కలిసొస్తాయి.

ఎక్కించేటప్పుడు మద్దిలేటి కిందనే నిలబడ్డాడు. అరచేతిని గాలిలో ఎడమకు తోస్తూ, గట్టిగా ఆనించమని, ఇంకా ఆనించమని తానే చెబుతున్నాడు. చివరి బండ ఎక్కాక తాడు కట్టారు.

అప్పటికి ఉస్తాద్ బండి వెనక పది అడుగుల దూరంలో, ఫ్యాక్టరీ గోడ నీడలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. మద్దిలేటిని పిలిచి పక్కన కూర్చోమన్నాడు. కూర్చున్నాక, వేలితో బండి వెనక తలుపు పై అంచు చూపించాడు. దాని వెనకాల ఎదురు గోడ మీద సిమెంటు పట్టీ ఒకటి అడ్డంగా, సమంగా ఉంది. తలుపు అంచు ఎడమ కొస దాని కిందికి నాలుగు వేళ్లు దిగింది. కింద ఎడమ చక్రం మీద కొత్త కమాన్ పట్టీల వంపు తెరుచుకుపోయి దాదాపు చదునుగా ఉంది. కుడివి ఇంకా విల్లులాగే ఉన్నాయి.

"ఇది యా కంపెనీ బండి మద్దిలేటీ?" అన్నాడు ఉస్తాద్.

మద్దిలేటి ఫ్యాక్టరీ గేటు బయట వరసగా ఆగిన పికప్‌ల వైపు చూశాడు. కొన్ని ఎద్దుతలలు, కొన్ని డేగలు. లోడున్నవన్నీ ఎడమకు ఒరిగే ఉన్నాయి. అందరివీ ఒకే వైపుకు ఒరిగి ఉంటాయి గనుక ఇన్నేళ్లూ ఏదీ ఒరిగినట్టు కనిపించలేదు. కమాన్లు మార్చిన మూడుసార్లూ ఉస్తాద్ తనను లోడెట్ల వేస్తాండావని అడగడం, తాను అందరూ వేసినట్లేనని చెప్పడం గుర్తుకొచ్చాయి. చెప్పి, టీ తాగి, వచ్చేసేవాడు.

కమాన్ విరిగితే ఏడాది లోపల కంపెనీ ఉచితంగా మార్చి ఇస్తుందని షోరూం మనిషి వెనక నుంచి చెప్పాడు.

మద్దిలేటి లేచి వెళ్లి తాడు విప్పాడు. సగం బండలు తీసి కుడి గోడకు ఆనించాలని సుంకన్నకు చెప్పాడు. సుంకన్న తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు. కుడి వైపు దించాలంటే నడి రోడ్డులో నిలబడాలని, బస్సులు వీపు రాసుకుంటూ పోతాయని, బండ పట్టుకుని బండి చుట్టూ తిరిగి రావాలని ఓపిగ్గా వివరించాడు. మద్దిలేటి పట్టు వదలకపోయేసరికి అతని ఓపిక అయిపోయింది.

"మా నాయన కాలం నుంచి ఎడమకే దించుతాండాం. నీ ఒక్కని బండికి కొత్తగా కుడి పక్క పుట్టిందా?"

హమాలీలు నవ్వారు. గేటు బయటి డ్రైవర్లు ఇద్దరు లోపలికి వచ్చి, ఎద్దుతలాయన డేగకు పెండ్లి చేస్తాండాడని ఒకరికొకరు చెప్పుకున్నారు. మద్దిలేటి చొక్కా విప్పి గోడ మీద పెట్టి ట్రాలీ ఎక్కాడు.

"ఎడమ పక్కది నువ్వు దించు సుంకన్నా. కుడి పక్కది ఏడాది పొడుగునా నేనే దించుకుంటా."

మొదటి బండను ఒక్కడే పట్టి ఎత్తాడు. కుడి భుజం పీకింది. పళ్లు బిగించి, దాన్ని కుడి గోడకు ఆనించి నిలబెట్టాడు. రెండోది కూడా. మూడోదాని రెండో కొసను సుంకన్న వచ్చి పట్టుకున్నాడు. తిట్టుకుంటూనే పట్టుకున్నాడు. పని ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మద్దిలేటి దిగి, బండి వెనకకు పోయి, ఉస్తాద్ కూర్చున్న చోటే కూర్చుని చూశాడు. తలుపు అంచు, గోడ మీద పట్టీ ఒకదానితో ఒకటి సరిపోయాయి.

ఉస్తాద్ అక్కడ లేడు. నడుచుకుంటూ షెడ్డుకు వెళ్లిపోయాడు.

మద్దిలేటి డేగ బండే కొన్నాడు. డేగే ఎందుకన్నదానికి అతని దగ్గర పెద్ద కారణం లేదు. ఎద్దుతల రావడానికి రెండు నెలలు పడుతుందన్నారు. ఒకటో తేదీకి చేతికొచ్చేది ఇదొక్కటే. టీ బంకు దగ్గర పాత జట్టు వాళ్లు పగ్గాలు ఎవరికిచ్చినావని అడిగారు, కొత్త జట్టు వాళ్లు ఎద్దుతల గుట్టు విప్పమని కుర్చీ జరిపారు. అతను ఎద్దుతల మీద ఒక్క మాట అనలేదు, డేగనూ పొగడలేదు. టీ తాగి, అనంతపురం దారి పట్టాడు. మాట ఇచ్చినట్టే కుడి వైపు బండలు తానే దించుకున్నాడు. రెండు డబ్బాల్లో ఎర్ర గుడ్డ కట్టిన కట్టెలు పాతి, బస్సులు పక్కకు తప్పుకునేలా వాటిని రోడ్డు మీద నిలబెట్టి, మధ్యలో దించేవాడు. రెండో నెల నుంచి ఆ డబ్బాలు పెట్టే పని సుంకన్న మనుషులే చేశారు. దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

అయిదో నెలలో సర్వీసుకని మద్దిలేటి బండిని షెడ్డుకు తెచ్చాడు. ఒక్కరోజు కూడా దారిలో నిలబడలేదని చెబుదామనుకున్నాడు. ఉస్తాద్ బానెట్ ఎత్తమనలేదు. బండి వెనకకు పోయి, మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా కూర్చుని, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు చూశాడు. లేచి, చేతులకు ఏమీ అంటకపోయినా గుడ్డకు తుడుచుకున్నాడు. టీ చెప్పాడు. టీ వచ్చి, గ్లాసు అందుకున్నాక అడిగాడు.

"భుజం ఎట్లుంది?"