తగ్గిందా?

మనోవైద్యురాలు విమలాంబగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు వేసిన ప్రశ్న పెద్దదైతే ఆవిడ అక్కడికక్కడే జవాబు చెప్పేవారు కారు. "పద, చూసివద్దాం" అని చెప్పులు తొడుక్కునేవారు.

ఆవిడ దగ్గర వైద్యం నేర్చుకుంటున్న వకుళ ఒకనాటి ఉదయం ఇలా అడిగింది: "అమ్మా, కామేశంగారు మందులు మానకుండా వేసుకుంటున్నారు. నిద్రపోతున్నారు, నవ్వుతున్నారు. కాని మరెవరికీ వినిపించని ఆ గొంతు ఆయనకు ఇంకా అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది. అటువంటి మనిషి బాగున్నాడని ఏ నోటితో చెప్పడం?"

విమలాంబగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఆనాడు కామేశం అన్నకూతురి పెళ్లి. కామేశం చేతి గుమ్మడికాయ దప్పళమంటే ఒకప్పుడు ఆ బంధువర్గమంతా లొట్టలు వేసేది. జబ్బు చేసిన నాటినుంచి, ఇంట శుభకార్యమంటే అతన్ని వెనకగదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేయడం వాడుకైపోయింది. ఈసారి అతను అన్నగారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. దప్పళం తానే వండుతాడట, తానే వడ్డిస్తాడట. అన్న విశ్వపతి చివరికి ఒప్పుకున్నాడు గాని, ఒక షరతు పెట్టాడు. మగపెళ్లివారి ముందు ఏమాత్రం తేడా వచ్చినా మళ్లీ ఆ గది, ఆ తలుపు.

గురువూ శిష్యురాలూ పంక్తిలో కూర్చున్నారు. పంచె ఎగ్గట్టి, పొగలు కక్కే బకెట్టుతో కామేశం వచ్చాడు. "బావగారూ, మీరు మొహమాటపడితే గుమ్మడిముక్క నొచ్చుకుంటుంది!" అంటూ గరిటె మీద గరిటె వేస్తున్నాడు.

పంక్తి మధ్యలో హఠాత్తుగా ఆగిపోయాడు. గరిటె గాలిలో నిలిచింది. తల పక్కకు వాల్చి, ఎవరూ లేని స్తంభం వైపు చెవి ఒగ్గాడు. విస్తళ్ల ముందు మాటలు అణిగిపోయాయి. బకెట్టు లాక్కోవడానికి విశ్వపతి పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చేశాడు.

"ఉండవయ్యా," అన్నాడు కామేశం ఆ స్తంభంతో, మారాం చేసే పిల్లవాణ్ణి సముదాయించినట్టు. "పంక్తి లేవనీ. తరవాత నీ మాట వింటాను."

అని ముందుకు కదిలి, వకుళ విస్తట్లో గరిటెడు దప్పళం వేశాడు. జబ్బుమనిషిని ఎవరైనా పలకరించే ఆ పాత మాట ఆమె నోటినుంచి తనంత తానే జారింది.

"తగ్గిందా?" అంది మెల్లగా.

కామేశం ముఖం పాలిపోయింది. "ఉప్పా!" అన్నాడు. వడ్డించేవాడు రుచి చూడరాదు, ఎంగిలవుతుంది. దిక్కుతోచక పక్క విస్తరివైపు తిరిగాడు. "పేరిశాస్త్రి మామయ్యా, ఉప్పు తగ్గిందేమోనని డాక్టరమ్మగారి అనుమానం. కాస్త చూసి చెప్పు!"

పేరిశాస్త్రి కళ్లు మూసుకుని చప్పరించాడు. "తగ్గిందా? ఎవరన్నారర్రా ఆ మాట?" అని కేకవేశాడు. ప్రశ్న విస్తరినుంచి విస్తరికి పాకింది. తగ్గిందా? లేదే! మాకు సరిపోయిందే! ఆ చివరనుంచి పెళ్లికొడుకు తండ్రి చెయ్యెత్తాడు.

"తగ్గింది బాబూ! నా విస్తట్లో దప్పళం తగ్గింది. ఇటు రావయ్యా!"

పంక్తి యావత్తూ గొల్లుమంది. కామేశం భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. అతని బకెట్టు అడుగంటింది. దాన్ని లాక్కోవడానికి వచ్చిన విశ్వపతి, రెండో బకెట్టు తేవడానికి వంటశాలకు పరుగెత్తాడు.

పంక్తి లేచింది. కామేశం చేతులు కడుక్కుని, తాంబూలం వేసుకుని, ఇచ్చిన మాట ప్రకారం వెళ్లి స్తంభం పక్కన కూర్చున్నాడు. విశ్వపతి విమలాంబగారి ముందు చేతులు జోడించి నిలిచాడు.

"అమ్మా, ఉన్నమాట చెప్పండి. మా తమ్ముడికి తగ్గిందా?"

వకుళ ఒక అడుగు దగ్గరికి జరిగింది. ఉదయం తాను అడిగినదీ అదే.

విమలాంబగారు స్తంభం వైపు చూశారు.

"తగ్గలేదు నాయనా," అన్నారు చిరునవ్వుతో. "మీ తమ్ముడు ఎవరికీ తగ్గలేదు."