పనికిరాని బండి ఎవరికి?

మందపాక సంస్థానాన్ని ఏలే పేరిభూపాలుడికి కోట గెలవడం తేలిక, వస్తువు ఎంచుకోవడం కష్టం. రెండు తలపాగాలు ముందు పెడితే, ఏది చుట్టుకోవాలో తేలక ఆ పూట సభకు ఉత్త తలతో వచ్చేవాడు.

అలాంటి మనిషికి ఒకసారి ఇంటిల్లిపాదీ పట్టే గూడుబండి కావలసి వచ్చింది. మహారాణి రంగమాంబ తమ్ముడికి పెళ్లి. రాజు, రాణి, ఏడుగురు పిల్లలు, రాజుగారి మేనత్త, ఆవిడ ఊరగాయ జాడీలు, అన్నీ ఒకే బండిలో ఇమడాలి. వడ్రంగులు రెండు బండ్లు తెచ్చి కోట వాకిట్లో నిలిపారు. రెండూ ఒకే టేకు, ఒకే ఎత్తు, చక్రానికి పన్నెండేసి ఆకులు. ఒకదాని గూడుకు ఎర్రగుడ్డ, ఇంకోదానికి పచ్చగుడ్డ. కంటికి కనపడే తేడా అంతే.

రాజు ఎర్రబండి ఎక్కి "బాగుంది" అన్నాడు. దిగి, పచ్చబండి ఎక్కి "ఇదీ బాగుంది" అన్నాడు. మళ్లీ ఎర్రది ఎక్కాడు. నాలుగు రోజులు ఇదే వరస. ఎక్కీ దిగీ మోకాళ్లకు తైలం పట్టించుకున్నాడు గాని, ఎద్దుల మెడ మీద కాడి మాత్రం పడలేదు.

ఐదో రోజు పొద్దున్నే రాణి వాకిట్లోకి వచ్చేసింది.

"ఎల్లుండే మా తమ్ముడి పెళ్లి. దారికే ఒక రోజు పడుతుంది. కొత్త కోడలు ఇంటికొస్తే గడపకు అడ్డం నిలబడి పేర్లు చెప్పించాల్సిన ఆడపడుచుని నేను. నేను లేకపోతే ఆ చోట ఎవరు నిలబడతారో తెలుసా? మా పినతల్లి కూతురు కామాక్షమ్మ! అదే జరిగితే ఈ జన్మలో మీతో మాట్లాడను."

ఆవిడ గొంతులో కోపమూ ఉంది, ఏడుపూ ఉంది. రాజు హడలిపోయి కూర్మనాథ అవధానులికి కబురు పంపాడు.

అవధానులు ఆస్థాన వస్తుపరీక్షకుడు. కోటకు ఏది కొన్నా ఆయన చూసి సరే అనాలి. ఆయన పనికిరాదన్న వస్తువు కోటలో ఉంటే అరిష్టం కాబట్టి, దాన్ని ఆయనకే దానమిచ్చి పంపాలి. అది తాతలనాటి ఆచారం. రాజుగారి తాతగారికి ఈ ఆచారం చెప్పింది అవధానుల తాతగారేనని వేరే చెప్పనక్కర్లేదు.

అవధానులు బండ్ల చుట్టూ మూడేసి ప్రదక్షిణలు చేశాడు. చక్రాలు తట్టి చెవి ఒగ్గి విన్నాడు. ఇరుసు వాసన చూశాడు. బండ్లు చేసిన వడ్రంగులే నోళ్లు తెరిచారు.

"మహారాజా! ఎర్రబండి సాక్షాత్తూ పుష్పకం. పచ్చబండి బొత్తిగా పనికిరాదు. తమరి పిల్లలు దాని నీడ కూడా తొక్కకూడదు."

రాజు అమ్మయ్య అనుకున్నాడు. ఇంతలో వెనక ఎవరో దగ్గారు. తాంబూలం పళ్లెం పట్టుకుని పదేళ్లుగా రాజు వెనకే నిలబడుతున్న గవరయ్య.

"ఏమిట్రా ఆ దగ్గు?"

"ఏం లేదు ప్రభూ. కిందటేడు రెండు గేదెలొచ్చాయి గుర్తుందా? అవధానులుగారు లక్ష్మీదేవి అన్న గేదె మన కొట్టంలో ఉంది, చెంబు పట్టుకెళ్లినవాడినల్లా తంతోంది. పనికిరాదన్నది వారింట్లో పూటకు నాలుగు శేర్లిస్తోంది. గొడుగులూ అంతే. మనది కారుతోంది."

"నా చేతి చలవ అది!" అని గయ్యిమన్నాడు అవధానులు. "తమలపాకులు చుట్టేవాడికి చక్రం ఆకుల సంగతేం తెలుసు ప్రభూ? నా మాట తప్పు అని వీణ్ణి రుజువు చెయ్యమనండి. చెయ్యలేకపోతే ఆ పళ్లెం కింద పెట్టి ఊరు విడిచి పొమ్మనండి!"

"విన్నావుగా గవరయ్యా! అలాగే కానీ" అన్నాడు రాజు.

ఆకులు చుట్టడం తప్ప గవరయ్యకు ఇంకో విద్య రాదు. అయినా మొహం మీద నవ్వు చెదరనివ్వలేదు.

"చిత్తం. నాకు బండ్ల సంగతి తెలియదు ప్రభూ. వారి మాటే వేదం. కాని అంతటి పండితుడు ఏళ్ల తరబడి పనికిరాని సరుకే మోసుకుపోతుంటే నా కడుపు తరుక్కుపోతోంది. ఈ ఒక్కసారికి ఆచారం తిరగెయ్యండి.

"పుష్పకం వారికిచ్చెయ్యండి. పనికిరాని బండిలో మనమే పడుతూ లేస్తూ పోదాం!"

రాజు తొడ చరిచాడు. "భేష్! ఎర్రబండి అవధానులిదే. ఆయన్నీ పెళ్లికి తీసుకుపోదాం. అత్తయ్యా, నీ జాడీలతో ఆయన బండే ఎక్కు. ఎద్దుల్ని కట్టండిరా!"

అవధానుల మొహం మాడిపోయింది. భటులు చెరో రెక్కా పట్టి బండిలోకి ఎత్తబోతే, కాడి కట్టే నొగ పట్టుకుని వేలాడాడు.

"వద్దు ప్రభూ! ఇరుసు లోపల బీటలు వారింది! తట్టినప్పుడే తెలిసింది! మొదటి వాగులోనే చక్రం ఊడి చస్తాను!"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"మరి అందులో నా పిల్లల్ని ఎక్కమన్నావేం?" అని రాజు గర్జించాడు. మేనత్త ఊరుకోలేదు. "కాళ్లున్నాయిగా, పెళ్లికి నడిచి రమ్మను" అంటూ ఆవకాయ జాడీ తెచ్చి అవధానుల నెత్తిన పెట్టింది. ఆ పండితుడు జాడీ జారకుండా మెడ నిక్కించి నిలబడ్డ తీరు చూసి ముందు పిల్లలు నవ్వారు, తర్వాత వాకిలంతా పగలబడి నవ్వింది.

రంగమాంబ మాత్రం అప్పటికే పచ్చబండి ఎక్కి కూర్చుంది. చేతి బంగారు కంకణం ఊడదీసి గవరయ్య పళ్లెంలో వేసింది.

"ఇకనుంచి కోటకు ఏం కొన్నా నువ్వే చూడు గవరయ్యా. నవ్వింది చాలు, తోలండి బండి! కామాక్షమ్మ గడప దగ్గరికి వచ్చేస్తుంది!"