తవిటయ్య గింజ

అనగా అనగా, ఈ కొండదారిలో మోటారు అంటే ఒకే ఒక్క మోటారు తిరిగే రోజుల్లో, కొండకి అవతల పట్నం, కొండకి ఇవతల మా గంటలపేట. పేటలో ఇంటికో కొలిమి, కొలిమికో కంచరి. అన్నిటికన్నా చివరి కొలిమి తవిటయ్యది. ఊఁ కొట్టండి మరి! మీరు ఊఁ కొట్టకపోతే నాకు మాట సాగదు.

తవిటయ్యకి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుసునా? అతనికి ముందు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోవాడైనా దక్కాలని వాళ్ళమ్మ బిడ్డని పక్కింటామె చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. దక్కాడు. దక్కాడు గాని, ఆ తవుడు కన్నా ఎక్కువ విలువ అతనికి ఎవరూ కట్టలేదు. పెద్ద కంచరులు గుడి గంటలు పోసేవారు. తవిటయ్య మేకల మెడలో గంటలు పోసేవాడు. మీసం రాని కుర్రకుంక కూడా "ఒరే తవిటిగా" అని పిలిచేవాడు. పాపం, పలికేవాడు. ఎప్పుడూ తొందరపడేవాడు కాదు. పోత పోశాక ఎవరైనా "ఎలాగొచ్చింది?" అని అడిగితే ఒక్కటే మాట.

"సల్లారనీ, సూద్దాం."

ఇంతకీ ఆ ఒక్క మోటారు ఎవరిదనుకున్నారు? జమీందారుదా? కాదు. పట్నంలో ఉండే డాక్టరు ఎస్తేరమ్మగారిది. జమీందారు మోజు తీరా తిరిగి, పాతబడ్డాక ఆవిడకి ఇచ్చేశాడు. గుడ్డ కప్పు, ముందు రెండు ఇత్తడి దీపాలు. ముందు నిలబడి చేత్తో గిర్రున తిప్పితే గాని లేచేది కాదు. దాని డ్రైవరు బుడేన్ సాయిబు. వారానికోసారి ఆ మోటారు కొండ దిగి వచ్చేది. ఇరవై ఊళ్ళ ఆడవాళ్ళు ఆ చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని ఉండేవారు.

తవిటయ్య కూతురు సింహాచలం అందరికన్నా ఎక్కువ వినేది. ఆ పిల్లకి ఇద్దరు పుట్టి, పుట్టగానే పోయారు. మూడోసారి కడుపుతో పుట్టింటికొచ్చింది. డాక్టరమ్మ చూసి, "ఈసారి నేను పక్కన ఉండాలి తవిటయ్యా. నేను లేకపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అని ముఖం మీదే చెప్పేసింది.

ఆ పిల్లకి నాలుగో నెలలో, మోటారు మా పేట నడిబొడ్డున బుస్సుమని ఆగిపోయింది. ఇంజను చుట్టూ నీళ్ళు తిప్పడానికి ఒక పంపు ఉంటుంది. ఆ పంపు గుల్ల, అంటే పోత పోసిన పైతొడుగు, జానెడు పొడుగుంటుంది. అది నిలువునా పగిలి రెండు ముక్కలైంది. మద్రాసుకి ఉత్తరం రాశారు. లేదన్నారు. బొంబాయికి రాశారు. లేదన్నారు. ఓడ మీద దొరల సీమకి రాశారు. ఆ బండి చేసిన కంపెనీయే మూతపడిందనీ, ఆ ముక్క ఇక భూమ్మీద ఎక్కడా దొరకదనీ జవాబొచ్చింది. ఆ జవాబు వచ్చేసరికి సింహాచలానికి ఏడో నెల.

డాక్టరమ్మ ఎడ్లబండిలో కొండ దాటి వచ్చింది. వచ్చేసరికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది.

"మద్రాసు ఆసుపత్రి వాళ్ళు నన్ను రమ్మంటున్నారు. బండి లేకుండా ఇన్ని ఊళ్ళు నావల్ల కాదు. రెండు నెలలు చూస్తాను. ఈలోగా మీలో ఎవరైనా ఈ ముక్క పోయగలరా?" అని అడిగింది.

మొదటి కంచరి "దొరలు చేసిన వస్తువమ్మా, మాకెక్కడొస్తాది?" అన్నాడు. రెండో కంచరి "నా తండ్రి పొయ్యలేదు, తాత పొయ్యలేదు" అన్నాడు. మూడో కంచరి తువ్వాలు దులుపుకుని లోపలికెళ్ళిపోయాడు. అప్పుడు చివరి కొలిమి దగ్గర్నుంచి తవిటయ్య లేచాడు.

"ఆ ముక్కలు ఇలాగియ్యండమ్మా."

పేట పేటంతా పకపకా నవ్వింది. "మేకల గంటలోడు మోటారు మెడలో గంట కడతాడంట్రోయ్!"

నవ్వండి, నవ్వండి. మన పేటలో నవ్వడానికేం కరువు!

తవిటయ్య ముక్కల్ని లక్కతో అతికించాడు. పుట్టమన్ను మెత్తగా తొక్కి, అందులో ఒత్తి అచ్చు తీశాడు. తీస్తుంటే, తుప్పు తినేసిన పాత ముక్కలు పొడిపొడిగా రాలిపోయాయి. ఇక వెనక్కి పోయే దారి లేదు. అచ్చు ఆరబెట్టి, కాల్చి, మూసలో ఇత్తడి కరిగించి పోశాడు. బుడేన్ సాయిబు ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"ఎలాగొచ్చింది మావా?"

"సల్లారనీ, సూద్దాం."

చల్లారింది. ముద్దుగా వచ్చింది. ఇంజనుకి పెట్టి చూస్తే బోల్టు కన్నాలు ఒక్కటీ కలవలేదు.

"మావా, వడ్లగింజంత పొట్టి!"

"మన్ను ముడుసుకుపోనాది" అన్నాడు తవిటయ్య. మన్ను మార్చాడు. ఏటి ఒండ్రు తెచ్చాడు. ఈసారి తేనెమైనంతో నమూనా చేశాడు. మొదటిది గింజంత పొట్టి కదా, అందుకని దీన్ని దానికన్నా సరిగ్గా గింజంత పొడుగు చేశాడు. చుట్టూ మన్ను మెత్తి, కాల్చి, మైనం కారిపోయాక ఆ చోట్లో ఇత్తడి పోశాడు.

"ఎలాగొచ్చింది మావా?"

"సల్లారనీ, సూద్దాం."

చల్లారింది. పెట్టి చూశారు.

"మావా, మళ్ళీ గింజంత పొట్టి!"

అప్పటికి సింహాచలానికి తొమ్మిదో నెల. నవ్వేవాళ్ళు కూడా నవ్వడం మానేశారు. తవిటయ్య రెండు గుల్లలూ ఒళ్ళో పెట్టుకుని అన్నం మానేసి కూర్చున్నాడు. మన్ను మారింది, గింజ మారలేదు. ఒక గింజ కలిపితే ఒక గింజ పోయింది. ఎవరు తింటున్నారీ గింజని? కూర్చుని కూర్చుని, మూడోనాడు ఒక్కసారి తొడ చరిచి లేచాడు.

"ఓలమ్మా! సాయిబూ, నలభై ఏళ్ళు గంటలు పోశాను. ఒక్క గంటా నేననుకున్నంత రాలేదురా, గింజ తక్కువే వచ్చుంటాది. మేకకి తెలుస్తాదేటి? మోగితే సాలు! గంట దేనిలోనూ ఇమడక్కర్లేదు. అందుకే నాకూ తెలీలేదు, నా తాతకీ తెలీలేదు. మన్ను దొంగ కాదు. సల్లారినప్పుడల్లా ఇత్తడే గింజంత ముడుసుకుంటాది. పోయింది ఒక గింజ, పోబోయేది ఒక గింజ. రెండూ కలపాల!"

మొదటి గుల్లని పక్కన పెట్టుకుని, దాని పొడుగుకి రెండు గింజలు చేర్చి కొలుచుకుని, మైనం నమూనా కొత్తగా చేశాడు. నమూనా అయ్యాక ఆ రెండు తప్పు గుల్లల్నీ మూసలో పడేశాడు. తప్పులు రెండూ కరిగి ఒకటయ్యాయి. తెల్లారి పొద్దెక్కాక పోత పోశాడు. సరిగ్గా పోత పోసిన గడియకే ఇంట్లో సింహాచలానికి నొప్పులు మొదలయ్యాయి.

ఇక చూడండి. లోపల కూతురు కేకలు. బయట ఎర్రగా అచ్చు. బుడేన్ సాయిబు కుండతో నీళ్ళు ఎత్తుకొచ్చాడు.

"కొట్టెయ్ మావా నీళ్ళు! సిటికెలో సల్లారిపోతాది!"

పేటంతా అదే మాట. కొట్టు, కొట్టు, నీళ్ళు కొట్టు! నీళ్ళు కొడితే పెళ్ళున బీటలిస్తుందని తవిటయ్యకి తెలుసు. నాలుగోసారి పొయ్యడానికి సమయం లేదనీ తెలుసు. లోపలినుంచి "అయ్యా!" అని కూతురు అరిచింది. తవిటయ్య అచ్చుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. అయినా అదే మాట.

"సల్లారనీ, సూద్దాం."

నిలబడగలరా మీరు? నేనైతే నిలబడలేను.

చల్లారింది. అచ్చు పగలగొట్టి గుల్లని తీశాడు. బుడేన్ సాయిబు ఇంజను మీద పెట్టాడు. మొదటి బోల్టు దిగింది. రెండో బోల్టు దిగింది. మూడోది దిగింది. నాలుగోది దిగేసరికి సాయిబు "యా అల్లా!" అని ముసలాయన్ని అమాంతం ఎత్తేశాడు. చేత్తో ఒక తిప్పు తిప్పితే మోటారు గుర్రుమంది. అది కొండ దాటి, డాక్టరమ్మని ఎక్కించుకుని, పొద్దు వాలకుండా దిగి వచ్చింది. ఆవిడ చేతులు కడుక్కుని లోపలికెళ్ళింది. కాసేపటికి పిల్లాడి ఏడుపు వినబడింది. తల్లీ దక్కింది, బిడ్డా దక్కాడు. ఆ బిడ్డకి మాత్రం తవుడుతో పని పడలేదు.

డాక్టరమ్మ మద్రాసు వెళ్ళలేదు. ఆ మోటారు ఇంకా చాలా ఏళ్ళు తిరిగింది. ఆ వార్త విని ఎక్కడెక్కడి పాత మోటార్లూ మా పేటకొచ్చాయి. దీపం చట్రాలు విరిగినవి, తలుపు పిడులు పోయినవి, కంపెనీలు చచ్చిపోయి దిక్కులేకుండా మిగిలినవి. అన్నిటికీ తవిటయ్యే దిక్కయ్యాడు. "తవిటిగా" అన్న నోళ్ళే "తవిటయ్యగారూ" అన్నాయి. ఆయన పోయిన రోజున పేటలో ఒక్క కొలిమీ వెలగలేదు. గుడి గంటలు పోసే పెద్ద కంచరులే పాడె మోశారు.

ఇప్పటికీ మా పేటలో ఎవరు నమూనా చేసినా పక్కన వడ్లగింజ పెట్టుకోవాల్సిందే. జానెడుకి ఒక గింజ. దాన్ని తవిటయ్య గింజ అంటాం. అది పెట్టకుండా చేస్తే ఇంట్లో ఆడవాళ్ళే తిడతారు.

పట్నాలనుంచి పాత కార్లు పట్టుకుని బాబులొస్తుంటారు. మేం పోసిన ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమయ్యా, ఇది ఒరిజినలా, డూప్లికేటా?" అంటారు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మాటకి మా పేట మొత్తానికీ ఒకటే జవాబు. పసిపిల్లాడిని అడిగినా అదే చెబుతాడు.

"ఒరిజినలూ కాదు, డూప్లికేటూ కాదు బాబూ. తవిటయ్యది."