బావి గడి

స్థపతి రుద్రోజు దగ్గర ఊళ్ళు కట్టే విద్య నేర్చుకుంటున్న మాచన ఒకనాటి ఉదయం, అడగనా వద్దా అని చాలాసేపు నలిగి, చివరికి అడిగాడు. మనకంటే బలవంతుడు ఎదురుగా కూర్చున్నప్పుడు కావాలని ఓడిపోవడం మర్యాద అవుతుందా, పిరికితనం అవుతుందా?

ఊరికే అడగలేదు. సామంతుడు గుండమరాజు ఆవేళ పురి ఆట ఆడడానికి వస్తున్నాడు. గళ్ళు గీసిన పలక మీద ఇద్దరు చెరోవైపు నుంచి ఇళ్ళు, బావులు, సంతలు, కోటలు పేర్చి ఒకే నగరాన్ని కట్టే ఆట అది, రుద్రోజు కల్పించినదే. ఎవరి బిళ్ళను వాళ్ళే కదపాలి. దగ్గరలో బావి లేకుండా ఇల్లు నిలపకూడదు. ఆటలో తేలినట్టే ఏటి ఒడ్డున కొత్త పట్టణం కట్టిస్తాననీ, ఆ పని రుద్రోజు శిష్యులకే ఇస్తాననీ సామంతుడు కబురంపాడు. ఆ ఒడ్డున ఇప్పుడున్నది కుమ్మరివాడ. సామంతుడికి ఎదురు కూర్చోవలసినవాడు మాచన.

 ఆ వాడలోనే ఉంటూ ఆట బిళ్ళలు మట్టితో చేసి ఇచ్చే కుమ్మరి ఈరమ్మను రుద్రోజు పిలిపించి పలక ముందు కూర్చోబెట్టాడు. మాచనను పక్కనుండి చూడమన్నాడు.

ఆమెను చూసి సామంతుడు నవ్వుతూనే ఆటకు దిగాడు. మధ్యాహ్నానికి ఆ నవ్వు లేదు. కోటకు ఒక్కచోట తొమ్మిది గళ్ళు కావాలి. ఎనిమిది కుదిరాయి. తొమ్మిదో గడిలో ఈరమ్మ బావి ఉంది, దాని చుట్టూ ఆమె పదకొండు ఇళ్ళున్నాయి. బావి తియ్యమన్నాడు. కుదరదంది. ఇంకోసారి అన్నాడు, ఈసారి గొంతు మార్చి. వెంట వచ్చిన భటులు దగ్గరికి జరిగారు.  ఇచ్చెయ్యమని మాచన ఆమెకు కళ్ళతోనే సైగ చేశాడు. ఆమె అటు చూడలేదు.

“ఇది ఆటేగా, అంత పంతమెందుకు?” అన్నాడు సామంతుడు.

“ఆటే అయితే తమరు ఓడిపోవచ్చు గదా దొరా,” అంది ఈరమ్మ.

సామంతుడు చెయ్యి చాచి ఆ బావి బిళ్ళను తానే తీసి అవతల పడేసి, అక్కడ కోట నిలిపాడు. ఈరమ్మ అతని ముఖంలోకి ఒకసారి చూసింది. తరవాత తన ఇళ్ళు ఒక్కొక్కటే పలక మీంచి తీసి ఒళ్ళో వేసుకుంది. ఏమాత్రం తొందరపడలేదు. ఇళ్ళయ్యాక సంతను కూడా తీసేసింది. తన వంతులన్నీ కోటకే వాడుకున్న సామంతుడికి ఒక్క ఇల్లూ లేదు.

“నీళ్ళు లేని చోట మావాళ్ళుండరు,” అంటూ లేచింది. “ఇక ఏలుకోండి.”

సామంతుడు వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, రేపు మళ్ళీ వస్తాననీ, ఆ గడిలో బావి కనిపిస్తే పట్టణం పనీ ఉండదు, ఈ విద్యాశాలా ఉండదనీ చెప్పి మరీ వెళ్ళాడు.

మాచనకు భయం కన్నా, తాను చేసిన సైగే ఎక్కువ బాధగా ఉంది. అయినా ఉండబట్టలేక, రేపు కూడా ఈరమ్మ ఇలాగే ఆడితే మనందరి గతేమిటని గురువును అడిగాడు.

రుద్రోజు పలక తుడుస్తున్నాడు.

“ఈరమ్మకు రేపు కుండల ఆవం కాల్చే పనుంది,” అన్నాడు. “రేపు నువ్వు కూర్చో.”