విప్పని ముడి

పిల్లలూ, ఈ కథలో ముందుది వెనక్కి, వెనకది ముందుకి పోతే మీరే సర్దుకోండి. ముడి సంగతి మాత్రం నేను మరిచిపోను.

మణిగిరిని ఏలే రాజు భీమకేతు. ఆయనకి ముగ్గురు కొడుకులు: జయకేతు, వీరకేతు, చిన్నకేతు. ఆ దేశంలో ఒక ఆచారం ఉండేది. యుద్ధానికి వెళ్ళే కొడుకు నడుముకి తండ్రే కత్తితాడు ముడివెయ్యాలి. తిరిగొచ్చాక తండ్రే విప్పాలి. విప్పేదాకా వాడు వంటింటి గడప దాటి తల్లి పక్కన కూర్చుని తినకూడదు.

రాజు మాత్రం ఎప్పుడూ బయటి మండపంలోనే భోంచేసేవాడు. అది రాజసం అనుకునేవారు అందరూ.

కాలఘంటుడనే మాంత్రికుడు ఊళ్ళు తగలబెడుతుంటే జయకేతు వెళ్ళాడు, పోరాడాడు, తిరిగొచ్చాడు.

"నాన్నగారూ, ముడి విప్పండి. ఆకలేస్తోంది."

"మాంత్రికుడు చచ్చాడా? లేదు కదా! ఇప్పుడే ఏం విప్పుతాం? వెళ్ళు."

వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

వీరకేతు కూడా వెళ్ళాడు, పోరాడాడు, తిరిగొచ్చాడు.

"అన్న పగ తీర్చకుండా అన్నం ఎలా దిగుతుందిరా నీకు? వెళ్ళు."

వాడూ రాలేదు.

చిన్నకేతు ముసలి తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలు దాటాడు. మాంత్రికుడి ప్రాణం ఉన్న చిలకని పట్టుకున్నాడు.

"నన్ను నలిపితే యుద్ధం అయిపోతుంది సరే," అంది చిలక. "నీ ముడి ఎవరు విప్పుతారు?"

"మా నాన్న."

చిలక నవ్వింది. నవ్వుతుండగానే నలిపేశాడు. మాంత్రికుడి చెరలో ఉన్న రాజకుమారి రత్నమాలని విడిపించి వెంట తీసుకొచ్చాడు.

వంటింట్లో తల్లి వేడన్నం వడ్డించుకుని కూర్చుంది. చిన్నకేతు తండ్రి ముందు నిలబడ్డాడు.

"శత్రువు లేడు. పగ లేదు. ఇక విప్పండి నాన్నగారూ."

రాజు వంగి తాడు పట్టుకున్నాడు. లాగాడు. గోళ్ళు విరిగాయి.

"నాకు రాదురా," అన్నాడు చివరికి.

"కట్టినవారు మీరేగా!"

"కట్టడం మా నాన్న దగ్గర చూశాను. విప్పడం చూడలేదు." పట్టు ఉత్తరీయం తొలగించాడు. పాత తాడొకటి నడుము కండలోకి దిగిపోయి ఉంది.

"ఈ మాట అన్నయ్యలకి చెబితే బతికేవాళ్ళు కదా!"

రాజు ఉత్తరీయం మళ్ళీ నడుముకి చుట్టుకున్నాడు.

తల్లి లోపలినుంచి విస్తరి తెచ్చి మండపంలో పరిచింది. తనదీ పక్కనే వేసుకుంది. "గడప నువ్వు దాటకూడదు గానీ, నేను దాటకూడదని ఎవరూ అనలేదుగా. తిను నాయనా."

చిన్నకేతు రత్నమాలని పెళ్ళాడాడు, చాలాకాలం ఏలాడు. నడుము ముడి అలాగే ఉండిపోయింది. కొడుకులు పుట్టారు. ఒక్కరి నడుముకీ తాడు కట్టలేదు. కడితే, విప్పడం రావాలి కదా.

అమ్మాయ్ సుభాషిణీ, నేను చెప్పింది రాసుకున్నావుగా, పేర్లు ఒకసారి సరిచూడు. పెద్దవాడు జయకేతువేనా, వీరకేతువా? తిరిగి రానివాళ్ళ పేర్లైనా తప్పు పోకూడదు.